ఒంట బడిన మందు ఎటు పోవును?

మన భాషలో జ్వరము దిగును, విషము దిగును, కైపును దిగును. ఒంటిలో జొచ్చిన యుపద్రవము క్రమముగ తగ్గి తొలగుటకు 'దిగుట' అను చక్కని క్రియ మనకున్నది. మందునకు మాత్రము ఆ మర్యాద దక్కలేదు. "మందు పడినది", "మందు పట్టినది", "మందు పారినది" అందుము. పిమ్మట ఆ మందేమైనదో అడుగు వారు లేరు. మింగిన మాత్ర కడుపులో కరగి, రక్తమున గలసి, నొప్పిని హరించి, తానును నొప్పితోపాటు మాయమైనట్లే మన భావన. 'మందు' అనగనే వెనుక బల్లలవారు ఒకరినొకరు చూచి నవ్వుకొందురు. వారి మందు సంగతియు ఇందులో వచ్చును. కొంచెము ఓపిక పట్టవలెను.

తెలుగు పంతులున కీ వైద్యవిషయ మేల యని కొందరు అడుగవచ్చును. నేను పొరుగు రాష్ట్రమైన ఆంధ్రప్రదేశమున ఉపాధ్యాయ శిక్షణ పొంది, ఈ బ్రహ్మపురమునకు వచ్చి పదునెనిమిదేండ్లు దాటినవి. ఇచ్చట మందుల చీటి ఇంగ్లీషున నుండును. మందుల దుకాణమువారు ఒడియాలో చెప్పుదురు. మందు మింగవలసిన ముదుసలి తెలుగు తప్ప మఱొకటి యెరుగదు. ఆ చీటి చేతబట్టుకొని మన తల్లిదండ్రులు వచ్చునది బడికే, అందును తెలుగు మాష్టారి వద్దకే. అట్టి చీటీలను చదివి చెప్పుచు, తెలియని మాటలను వైద్యులను, మా విజ్ఞానశాస్త్రోపాధ్యాయులను అడిగి తెలిసికొనుచు వచ్చితిని. అందులో ముఖ్యమైన దొక్క సంగతి ఇక్కడ వ్రాయుచున్నాను. మందు ఎంత మింగితిమన్నది సగము లెక్కయే. ఆ మందును ఈ శరీరము ఎంత వేగముగ వెడలగొట్టుచున్నదన్నది మిగిలిన సగము.

విద్యార్థులారా, ఒక గోలెమును తలచుకొనుడు. అందులో ఏబది ముంతల నీరున్నది. ఆ నీటిలో బట్టలకు పెట్టు నీలిమందు కలిపితిమి. ఒక పనివాడు నిమిషమున కొక ముంత నీరు తీసి, అందలి నీలమును పూర్తిగ తొలగించి, ఆ తేటనీటిని మరల గోలెములోనే పోయుచున్నాడు. మొదటి ముంతలో నీలమెక్కువ. ఇరువదవ ముంతలో అంత యుండదు. ఏబదవ ముంతలో ఇంకను తక్కువ. అనగా వాడు తీసివేయు నీలము నిమిషనిమిషమునకు తగ్గుచున్నది. కాని వాడు తేర్చు నీరు మాత్రము ఎప్పుడును ఒక్క ముంతయే. వాని పనితనమును కొలువవలెనన్న నీలమును తూచి లాభము లేదు, ముంతను కొలువవలెను. శరీరము విషయమునను ఇంతే. నిమిషమునకు ఎన్ని మిల్లీలీటర్ల రక్తరసము మందునుండి పూర్తిగ తేరినదో, అదియే కొలత.

ఇంగ్లీషున దీనిని క్లియరెన్సు అందురు. మన పాఠ్యపుస్తకములలో 'విసర్జనము' అను మాట కలదు గాని, అది బయటికి పోవుటను చెప్పునే తప్ప, రక్తము తేరు వేగమును చెప్పదు. చిల్లగింజ అరగదీసి కలిపిన బురదనీరు తేరుటను మన పెద్దలు చూచియున్నారు. కావున మా తరగతిలో దీనిని 'తేర్పు' అని వ్యవహరించుచున్నాము. ఇంతకంటె మంచి మాట యెవరికైన తోచినచో తెలుపగలరు, పట్టుదల లేదు.

పై గోలెములో సుమారు 35 నిమిషములకు రంగు సగమగును. మఱి 35 నిమిషములకు పాతిక మిగులును. ఆపైన పాతికలో సగము. ఇట్లు అయిదు పర్యాయములు సగమైన పిదప ముప్పదిరెండింట ఒక పాలు మాత్రమే నిలుచును. ఇప్పుడు పనివాడు జబ్బుపడి నిమిషమునకు అరముంత మాత్రమే తేర్చుచున్నాడనుకొనుడు. రంగు సగమగుటకు 70 నిమిషములు పట్టును. అది యెరుగక మనము మునుపటివలెనే 35 నిమిషములకొక చిటికెడు నీలము వేయుచున్నచో, గోలెము రానురాను నల్లబడును. వేసిన చిటికెడు మారలేదు, పనివాడు మారినాడు. వైద్యుడు "దినమునకు మూడుమార్లు" అనియు, "రాత్రి యొక్కటి" అనియు వ్రాయుట ఈ లెక్కనుబట్టియే గాని తన యిష్టమునుబట్టి కాదు. కొన్ని మందులు రక్తమున నిలువక కొవ్వులోను, కండలలోను దాగుకొనును. అప్పుడు గోలెమే పెద్దదైనట్లు భావింపవలెను.

శరీరమున ఈ పని చేయువారిలో మూత్రపిండములు మొదటివి. గుండె వెడలగొట్టు రక్తములో సుమారు అయిదవ వంతు వానిగుండ పారును. ఆరోగ్యవంతుడైన యువకునిలో నిమిషమునకు సుమారు 120 మిల్లీలీటర్ల నీరు అందు వడియబడును. దినమునకు లెక్కించినచో 170 లీటర్లకు పైమాటే. అందులో లీటరున్నర యించుమించు మూత్రమై పోగా, తక్కినదంతయు మరల రక్తమును చేరును. వడియగట్టుటయేగాక, కొన్ని పదార్థములను మూత్రపిండములోని సన్నని నాళములు పనిగట్టుకొని బయటికి నెట్టును.

పెన్సిలిన్ అట్టిది. 1941 ఫిబ్రవరిలో ఆక్స్‌ఫర్డు నగరమున ఆల్బర్ట్ అలెగ్జాండర్ అను రక్షకభటునికి, ముఖమంతయు చీముపట్టి ప్రాణముమీదికి వచ్చినపుడు, ఆ కొత్త మందును ఎక్కించిరి. గుణము కనబడినది. కాని వారివద్దనున్న మందు అత్యల్పము. ఎక్కించినది యెక్కించినట్లే మూత్రమున పోవుచుండెను. శాస్త్రజ్ఞులు ఆ మూత్రమును సేకరించి, ప్రయోగశాలకు గొనిపోయి, అందుండి పెన్సిలిన్‌ను మరల తీసి, ఆ రోగికే మరల నిచ్చిరి. అదియు చాలలేదు. మందు నిండుకొనగా మార్చి నెలలో ఆతడు మరణించెను. పెన్సిలిన్ రక్తములో సగమగుటకు సుమారు అరగంట చాలును. మూత్రపిండము దానిని అంత త్వరగ నెట్టకుండ ఆపుటకై తరువాత ప్రొబెనెసిడ్ అను వేఱొక మందునే కల్పింపవలసి వచ్చెను. దొంగను పట్టి యుంచుటకు తలుపు మూసినట్లు, మందును నిలుపుటకు మూత్రపిండము తలుపును మూసిరన్నమాట.

రెండవది కాలేయము. నీటిలో కరగని మందులను నీటిలో కరగునట్లు మార్చి మూత్రపిండమునకు అప్పగించుటయో, పిత్తముతో ప్రేగులలోనికి విడుచుటయో దాని పని. వెనుక బల్లలవారు నవ్విన మందును మార్చునదియు ఇదియే. అయితే ఆ మందు విషయమున గోలెపు లెక్క చెల్లదు. కాలేయము గంటకు ఇంత యని ఒక పరిమితి పెట్టుకొని తీయును. ఎంత ఎక్కువ త్రాగినను అది వేగపడదు. కైపు త్వరగ దిగవలెనని మజ్జిగ, నిమ్మరసము త్రాగించువారు శ్రమపడుటయే గాని ఫలము లేదు.

కాలేయపు వేగము అందరికిని ఒకటి కాదు. మద్రాసులో 1956లో నెలకొల్పబడిన క్షయ చికిత్సా పరిశోధన కేంద్రమువారు ఐసోనియాజిడ్ అను క్షయమందుపై చేసిన కృషి ఇచ్చట స్మరణీయము. ఆ మందును కొందరి కాలేయము త్వరగను, కొందరిది నెమ్మదిగను మార్చును. ఇది పుట్టుకతో వచ్చు భేదము. వారమున కొక్కమారే మందునిచ్చు పద్ధతిలో, త్వరగ మార్చువారికి గుణము తక్కువగ నుండెనని వారు గమనించిరి. మందొక్కటే, మోతాదొక్కటే; ఒంటి వేగము వేఱు. ఇక పసికందుల కాలేయము పనిలో ఇంకను కుదురుకొనదు. క్లోరాంఫెనికాల్ అను మందు నవజాత శిశువులలో తేరక పేరుకొని, ఒడలు బూడిదవన్నెకు తిరిగి, పలువురు శిశువులు మరణించిరని 1959లో వైద్యులు ప్రకటించిరి. పెద్దల మాత్రలో ముక్క విరిచి పిల్లలకు వేయు తల్లులు ఈ సంగతి యెరుగవలెను. శిశువు చిన్న మనిషి కాదు, వేఱు లెక్కగల మనిషి.

ఇక ఈ వ్యాసమును వ్రాయించిన సంగతి. ఇచ్ఛాపురమునకు ఆవలి ఉద్దానపు పల్లెనుండి ఒక వృద్ధురాలు కీళ్ళవాతముచే బాధపడుచు, ఇచ్చటనున్న కుమారుని యింటికి చికిత్సకై వచ్చినది. ఆమె మనుమరాలు మన పాఠశాలలో తొమ్మిదవ తరగతి. ఒకనాటి సాయంకాలము ఆ బాలిక చీటి పట్టుకొని నావద్దకు వచ్చినది.

"మాష్టారూ, మా నాన్నమ్మకి నోరంతా పూసేసిందండీ. గంజి కూడా మింగలేకపోతోంది."

"ఈ మందు ఎలా వేసుకుంటున్నారమ్మా?"

"రోజూ పొద్దున్నే ఒకటండీ. ఇవాళ్టికి ఆరు. సప్తాహం కదండీ, మధ్యలో మానకూడదంది."

చీటిలో నున్నది మెథోట్రెక్సేట్ అను మందు, వారమున కొక్కటి మాత్రమే. మందులిచ్చినవారు ఒడియాలో "సప్తాహరే థరే" అని చెప్పిరట. ఒడియాలో సప్తాహ మనగా వారము. థరే యనగా ఒక్కమారు. తెలుగు ముదుసలి చెవికి సప్తాహ మనగా భాగవత సప్తాహము, భజన సప్తాహము: ఏడు దినములు ఎడతెగక జరుగవలసినది. రెండు భాషలును సంస్కృతమునుండి ఒక్క మాటనే తీసికొన్నవి. ఒకటి దానిని వారమునకు వాడుకొన్నది, రెండవది వ్రతమునకు వాడుకొన్నది. తత్సమములు అన్ని భాషలకును వారధులని పాఠము చెప్పుచుందుము. ఆ వారధికి ఈ చివర నొక గోయి యున్నదని ఆనాడు చూచితిని.

ఆ రాత్రియే ఆమెను ఆసుపత్రిలో చేర్చిరి. రక్తకణములు పడిపోయినవి. మెథోట్రెక్సేట్‌కు విరుగుడైన ఫోలినిక్ ఆమ్లము నిచ్చి తొమ్మిది దినములుంచిరి. ఆమె కోలుకొన్నది. విచారింపగా మఱొక సంగతి బయటపడినది. కీళ్ళనొప్పికి పొరుగువారు మంచివని చెప్పిన నొప్పిమాత్రలను కూడ ఆమె మింగుచుండెను. మెథోట్రెక్సేట్ అధికభాగము మూత్రపిండములగుండనే పోవును; నొప్పిమాత్రలు మూత్రపిండములకు రక్తము నడచుటను తగ్గించి ఆ దారినే ఇరుకు చేయును. (నొప్పిమాత్రల మాట వచ్చినది గనుక చెప్పుచున్నాను: డైక్లోఫెనాక్ ఇచ్చిన పశువుల కళేబరములను తిని రాబందులు మూత్రపిండములు చెడి చచ్చుచున్నవని 2004లో తేలినది; 2006లో మన దేశమున పశువులకు ఆ మందును నిషేధించిరి. ఆవునకు తేరిన మందు రాబందునకు తేరలేదు.)

ఆమె మూత్రపిండములు మొదటనే బలహీనములా? మందు ప్రారంభింపక మునుపటి రక్తపరీక్ష చీటిలో క్రియాటినిన్ 1.0 అని యున్నది. చీటి ప్రక్కన అచ్చువేసిన సహజ పరిమితిలోనే యున్నది. "ఒకటే కదా, బాగున్నట్లే కదా" అని ఆమె కుమారుడు అడిగెను. ఇచ్చటనే అసలు చిక్కు.

క్రియాటినిన్ కండలలో పుట్టు వ్యర్థపదార్థము. కండలు ఎక్కువగ నున్నవానిలో ఎక్కువగను, ఎండిన శరీరమున తక్కువగను పుట్టును. ముసలితనమున కండ కరగి పుట్టుబడి తగ్గినచో, మూత్రపిండము మందగించినను రక్తములో అంకె పెరుగదు. ఇంట రాబడి తగ్గినపుడు ఖర్చును తగ్గినచో పెట్టెలోని రొక్కము మునుపటి వలెనే కనబడునట్లు! అందుచే 1976లో కాక్‌క్రాఫ్ట్, గాల్ట్ అనువారు వయస్సును, బరువును చేర్చి ఒక సూత్రమును ప్రకటించిరి. 140 నుండి వయస్సును తీసివేసి, కిలోగ్రాముల బరువుతో హెచ్చించి, 72తో హెచ్చించిన క్రియాటినిన్‌చే భాగింపవలెను. స్త్రీలకైనచో వచ్చిన దానిని 0.85తో మరల హెచ్చింపవలెను. ఆ వృద్ధురాలి వయస్సు 65, బరువు 48. 75ను 48తో హెచ్చింప 3600, 72తో భాగింప 50, దానిని 0.85తో హెచ్చింప 42.5. ఆమె పెద్ద మనుమని వయస్సు 20, బరువు 60, వాని క్రియాటినిన్‌ను 1.0 అనుకొందము. 120ని 60తో హెచ్చించి 72తో భాగింప సరిగ 100. ఒకే అంకె గల రెండు చీటీలు. ఒకరి తేర్పు నిమిషమునకు 100 మిల్లీలీటర్లు, ఒకరిది 42.5. ఈ లెక్కను ఆ బాలికయే నల్లబల్లపై చేసి తరగతికి చూపినది. నేడు పలు పరీక్షశాలలు ఇట్టివే వేఱు సూత్రములతో లెక్కించి చీటిమీదనే 'ఇ.జి.ఎఫ్.ఆర్.' అని అచ్చువేయుచున్నవి. క్రియాటినిన్‌తోపాటు ఆ వరుసను కూడ చూపి వైద్యుని అడుగవలెను.

ఉద్దానమున ఇది కథ కాదు. కవిటి, సోంపేట, కంచిలి, పలాస ప్రాంతములలో మూత్రపిండముల దీర్ఘవ్యాధి ఎన్ని యిండ్లను తాకినదో ఇచ్చటి మన కుటుంబములకు వేఱుగ చెప్పనక్కరలేదు. వియ్యములన్నియు అటే గదా. కారణము ఇదమిత్థమని నేటికిని తేలలేదు. 2023 డిసెంబరులో పలాసలో మూత్రపిండ వ్యాధుల పరిశోధన కేంద్రము, ఆసుపత్రి ప్రారంభింపబడినవి. అటనుండి వచ్చిన బంధువులను ఇచ్చట వైద్యునికి చూపునపుడు వారి ఊరిపేరు మొదట చెప్పుట మంచిది.

ఈ సందర్భమున ఒక తెలుగువాని పేరు రెండుమార్లు వచ్చును. 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలో ఫిస్క్‌తో కలిసి, కండలలో శక్తిని నిలువజేయు ఫాస్ఫోక్రియాటిన్‌ను 1927లో వెలువరించిరి. మనము కొలుచు క్రియాటినిన్ పుట్టునది దానినుండియే. పిమ్మట లెడర్లీ ప్రయోగశాలలో ఆయన నడిపిన బృందము ఫోలిక్ ఆమ్లమును కృత్రిమముగ తయారుచేసినది. దానికి ప్రత్యర్థులైన మందులును అక్కడనే పుట్టినవి. మెథోట్రెక్సేట్ వానిలో నొకటి. ఆసుపత్రిలో ఆ వృద్ధురాలిని పరామర్శించునపుడు ఈ సంగతి చెప్పితిని. ఆమె కొంతసేపు ఊరకుండి, "మనోడే అయితే ఆ పెట్టిమీద రెండక్షరాలు తెలుగులో ఎందుకు రాయించనేదు బాబూ?" అన్నది. సుబ్బారావుగారు 1948లోనే మరణించిరని నేను చెప్పవచ్చును. కాని ఆమె అడిగినది ఆ ప్రశ్న కాదు.

సూత్రముతో వచ్చునది అంచనాయే. తేర్పును సూటిగ కొలుచుట వేఱు. డెన్మార్కు దేశపు రేబెర్గ్ 1926లో తానే క్రియాటినిన్ పుచ్చుకొని, తన మూత్రమును, రక్తమును పరీక్షించి వడపోతను లెక్కించెను. కొలదికాలమునకు అమెరికాలో వాన్ స్లైక్ ప్రభృతులు యూరియాతో ఇట్టి లెక్కయే చేసి క్లియరెన్సు అను మాటను వ్యాప్తికి దెచ్చిరి. డాలియా దుంపలలో దొరకు ఇనులిన్ అను పిండిపదార్థముతో కొలుచుట ఇంకను కచ్చితము. అది వడియబడుటయే గాని నాళములచే నెట్టబడదు, మరల పీల్చుకొనబడదు. క్రియాటినిన్ కొంచెము నెట్టబడును గనుక లెక్క నిజము కంటె కొంత హెచ్చుగ వచ్చును. సామాన్యముగ దానితోనే సరిపెట్టుకొందురు.

ఆ పరీక్షకు 24 గంటల మూత్రము కావలెను. లెక్క సులభము. దినమునకు మూత్రము 1440 మిల్లీలీటర్లనుకొనుడు, నిమిషమునకు ఒకటి. మూత్రములో డెసిలీటరునకు 90 మిల్లీగ్రాములు, రక్తములో 1 ఉన్నచో, 90ని ఒకటితో హెచ్చించి ఒకటితో భాగింప తేర్పు 90. రక్తములో 3 ఉన్నచో 30. కష్టమంతయు సేకరణలోనే. ఉదయము ఆరింటికి లేచి మొదటి మూత్రమును పారబోసి, అప్పటినుండి గడియారము లెక్కింపవలెను. ఆపైన పగలును రాత్రియు వచ్చినదంతయు డబ్బాలో పోయుచు, మరునాడు ఉదయము ఆరింటి మూత్రమును కూడ అందులోనే చేర్పవలెను. నడుమ ఒక్కమారు మరచి దొడ్డిలో పోసినను, ఉన్న తేర్పు కంటె తక్కువ కనబడును. డబ్బాపై అచ్చువేసినది ఇంగ్లీషుననే యుండును. శనివారము బడి విడిచిన తరువాత చీటీలను, డబ్బాలను, మందుపెట్టెలను తెచ్చినచో, తొమ్మిదవ తరగతి పిల్లలు వేళలను, వారములను తెలుగున వ్రాసి అంటించి ఇత్తురు. మోతాదు మార్చుట వారి పని కాదు, నా పనియు కాదు, అది వైద్యునిదే. ఇంతవరకు పదునొకండు పెట్టెలకు అంటించినారు. ఆ నాన్నమ్మ పెట్టెమీద 'ఆదివారము మాత్రమే' అని ఎఱ్ఱసిరాతో వ్రాసిరి. ఇప్పుడామె మోతాదు తగ్గింపబడినది, రెండు నెలలకొకమారు రక్తపరీక్ష జరుగుచున్నది.